బూడిదరంగు కోటు తొడుక్కున్న పుస్తకం

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకీ, రెండూ నలభైకీ మధ్య పుస్తకం మాయమైందని కంప్లైంట్.

డబ్బు పోలేదు. గుడ్డలు పోలేదు. కుట్టుమిషన్లు మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కటింగ్ టేబుల్ మీద సుద్దముక్క కూడా కదల్లేదు. పోయిందల్లా ఒక్క కొలతల పుస్తకం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ టైలర్ షాపు మెట్లెక్కిన మగవాళ్ళందరి ఛాతీలూ, నడుములూ, భుజాలూ అందులోనే ఉన్నాయి.

దొంగ కూడా దొరికాడు. షాపులోనే దొరికాడు.

గురువారం ఉదయం 10.20కి ఇన్‌స్పెక్టర్ ఆ ఫైలు తెరిచాడు. ముందు రెండు రోజులూ వేరే కేసులో సాక్ష్యం చెప్పడానికి కోర్టు వరండాలో కూర్చుని వచ్చాడు. ఆయన లేని సమయం చూసి ఎస్సై చకచకా అరెస్టు చేసేశాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు సార్. మనం ఒక్క పూటలో పట్టేశాం," అన్నాడు ఎస్సై. మొహం వెలిగిపోతోంది.

"ఎవరు?"

"టైలర్ బామ్మర్ది. చనిపోయిన భార్యకి సొంత తమ్ముడు. షాపు తాళంచెవులు రెండే. ఒకటి టైలర్ దగ్గర, ఇంకోటి ఇతని దగ్గర. ఒంటిగంటన్నరకి షాపు మూసేటప్పుడు పుస్తకం అరలో ఉంది. టైలర్ కళ్ళారా చూశాడు. భోంచేసి, ఓ కునుకు తీసి, రెండూ నలభైకి తెరిస్తే లేదు. తాళం పగల్లేదు. ఇంకెవరు సార్?"

"పుస్తకం దొరికిందా?"

"ఇంకా లేదు సార్."

"మోటివ్?"

"ఎదురుగా రెడీమేడ్ షాపు ఉంది. ఓనరు ఇతన్ని తన దగ్గరికి పనికి వచ్చెయ్యమని అడిగాడట. ఊళ్ళో మగవాళ్ళ సైజులన్నీ చేతికొస్తే ఓనరుకి ఇంకేం కావాలి? తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు సార్ వీడు."

"అరెస్టు టైమ్?"

"నిన్న సాయంత్రం అయిదు. ఇవాళ అయిదులోపల మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. రిమాండ్ రిపోర్టు రెడీ. మీ సంతకమే తరువాయి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ మూత పెట్టేశాడు.

లాకప్‌లో మనిషికి అరవై దాటి ఉంటాయి. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన అన్నం పొట్లం విప్పకుండానే ఉంది.

"ఏమీ తినలేదా?"

ముసలాయన పొట్లాన్ని ఇంకాస్త పక్కకి జరిపాడు.

"పుస్తకం నువ్వు తీశావా?"

ముసలాయన తల ఎత్తాడు. "మా బావ ఏమన్నాడు సార్?"

"నువ్వే తీశావన్నాడు."

"అయితే నేనే."

"అదేం మాట? తీస్తే తీశానను. లేకపోతే లేదను."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు సార్. ఆయన టేపు పట్టి కొలత చెప్పేవాడు. నేను రాసేవాణ్ణి. అక్క పోయాక తొమ్మిదేళ్ళుగా షాపు వెనక ఒకే గదిలో ఇద్దరం వండుకు తింటున్నాం. ఆయనే నన్ను దొంగన్నాక, కాదని ఎవరితో చెప్పుకోను? గోడతోనా?"

అని మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ సర్వీసులో దొంగల్ని చాలామందిని చూశాడు. నేను కాదు మొర్రో అని గోల పెట్టని దొంగని మాత్రం చూడలేదు.

టైలర్ షాపుకి వెళ్ళేసరికి 11.35.

ఇరుకు షాపు. గోడ పొడుగునా హ్యాంగర్లకి సగం కుట్టిన కోట్లు. ట్రయల్ రూమ్‌కి పచ్చ తెర. కటింగ్ టేబుల్ కింద చెక్క అర. కొలతలు తీసేచోట నేలమీద ఒక ఎత్తుపీట. దానిపక్కన ఒక స్టూలు. స్టూలు ఖాళీగా ఉంది.

టైలర్ మెడలో టేపు వేలాడుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"కూర్చోండి సార్. ఆ స్టూలు మీద వద్దు, అది మా బామ్మర్దిది," అనేసి నాలుక కరుచుకున్నాడు. "అదే... ఆ దొంగది."

"మాస్టారూ, మంగళవారం సంగతి చెప్పండి. నిమిషాలతో సహా."

"పొద్దుట్నించీ ఇద్దరే వచ్చారు సార్. పన్నెండున్నరకి ఎదురుషాపు ఓనరు వచ్చాడు. చొక్కా గుండీ ఊడిందట. వేల చొక్కాలమ్మే మనిషికి గుండీ కుట్టుకోవడం చేతకాదు! కుట్టించుకుని, మా బామ్మర్దితో గుసగుసలాడి పోయాడు. తర్వాత ఒంటిగంటా పదికి సర్వేయర్ గారొచ్చారు. రిటైరయ్యారులెండి. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, జన్మంతా గొలుసు పట్టుకుని ఊళ్ళ పొలాలు కొలిచాడు. కోటుకి గుడ్డ తెచ్చారు. పెట్టి వెళ్ళండన్నాను. ఒకటీ ఇరవైకి నేను పెరట్లోకెళ్ళి మొహం కడుక్కున్నాను. ఒంటిగంటన్నరకి వచ్చి పుస్తకం అరలో ఉందో లేదో చూశాను. ఉంది. షట్టరు దించాం."

"రోజూ చూస్తారా?"

"ప్రాణంలాంటిది సార్ నాకు. మిగిలిన సూటింగ్ గుడ్డతో దానికి అట్ట వేశాను. బూడిదరంగుది. మనుషులకే కాదు, పుస్తకానికీ కోటు కుట్టాడీ పిచ్చోడని వీధంతా నవ్వుతారు. మా షాపు పద్ధతి ఏంటంటే సార్, మనిషిని ఒక్కసారే కొలుస్తాను. పుస్తకంలో పేరెక్కిందా, ఇంక టేపు ముట్టుకోను. గుడ్డ పంపిస్తే చాలు. కాస్త లావైనా చిక్కినా నా కంటికి తెలిసిపోతుంది. మళ్ళీ కొలవడం అంటే మొదట తప్పు కొలిచానని ఒప్పుకోవడమే కదా?"

"పుస్తకం పోయిందని ఎవరెవరికి చెప్పారు?"

"మంగళవారం ఎవ్వరికీ చెప్పలేదు సార్. సిగ్గు! తలుపేసుకుని ఇద్దరం రాత్రిదాకా వెతుక్కున్నాం. బుధవారం పదకొండింటికి స్టేషన్‌కొచ్చి కంప్లైంట్ ఇచ్చాను. అప్పటిదాకా మూడోకంటికి తెలీదు."

"మీ బామ్మర్ది మీదే అనుమానం ఎందుకొచ్చింది?"

టైలర్ టేపుని వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఎదురుషాపు వాడు పిలిచాడని నాకు చెప్పలేదు సార్ వాడు. ఆ సంగతి నాకు వీధిలో తెలిసింది. అది దాచినవాడు ఇంకేం దాచడు?"

12.15. రెడీమేడ్ షాపు. గాజు తలుపులు. తలల్లేని బొమ్మలకి తొడిగిన చొక్కాలు.

"పుస్తకం విషయం..." అని ఇన్‌స్పెక్టర్ ఇంకా మొదలుపెట్టనేలేదు.

"నాకేం తెలీదు సార్! ఆ పుస్తకం నాకెందుకు?" అన్నాడు ఓనరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వరస.

"బామ్మర్దిని పన్లోకి పిలిచావా?"

"పిలిచాను. మంగళవారం కూడా అడిగాను."

"ఏమన్నాడు?"

ఓనరు మొహం ముడుచుకున్నాడు. "మా బావకి రెండు చేతులే ఉన్నాయి, రెండూ టేపు పట్టుకుంటాయి, పెన్ను నేను పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు అన్నాడు. పైగా, నీ చొక్కా గుండీ మా బావ కుట్టాడు, ఆ కృతజ్ఞతైనా లేదా అని కడిగేశాడు సార్ నన్ను."

"ఈ మాట ఎస్సైకి చెప్పావా?"

"ఆయన అడగలేదు సార్."

ఒంటిగంటకి ఇన్‌స్పెక్టర్ మళ్ళీ టైలర్ షాపు మెట్లెక్కాడు. చేతిలో ఏమీ లేదు. బామ్మర్ది తీయలేదని మనసు చెబుతోంది. మనసు మాట రిమాండ్ రిపోర్టులో రాయడానికి లేదు. మూసిన షాపు, పగలని తాళం, రెండు చెవులు. అక్కడికొచ్చి బుర్ర ఆగిపోతోంది. నాలుగ్గంటల్లో ఆ ముసలాయన జైలుకి పోతాడు.

"మీరిద్దరూ కొలతలు ఎలా తీస్తారో ఒకసారి చూపించండి మాస్టారూ."

"చూపిస్తాను. ఎక్కండి ఆ పీట. అసలు ఆ యూనిఫాం చూసినప్పట్నించి నాకు చెయ్యి దురదగానే ఉంది. మీకు కుట్టారా, గోనెసంచికి కుట్టి మీకు తొడిగారా?"

ఇన్‌స్పెక్టర్ పీట ఎక్కాడు.

"జేబులు ఖాళీ చెయ్యండి. ఫోను, పర్సు, తాళాలు, అన్నీ."

ఖాళీ చేశాడు. టైలర్ వెనక నిలబడి మెడమీద చెయ్యి వేశాడు. కాలర్ వెనక ఎముక దగ్గర రెండు వేళ్ళు ఆనించాడు. తర్వాత అరచేయి రెండు భుజాల మధ్య మెల్లగా జారింది.

"ఊపిరి వదలండి సార్. పోలీసులూ, పెళ్ళికొడుకులూ కొలిచేటప్పుడు ఊపిరి బిగబడతారు. బిగబట్టిన ఛాతీకి చొక్కా కుడితే వదిలిన ఛాతీకి పట్టదు. వదలండి. ఆఁ... ఇంకా. మెల్లగా."

ఇన్‌స్పెక్టర్ ఊపిరి వదిలాడు. ఎప్పట్నించి బిగబట్టి ఉన్నాడో ఆయనకే తెలియదు.

ఆయన ఈ ఊరొచ్చి నాలుగు నెలలు. విడాకులై ఆరేళ్ళు. జనం ఆయన్ని చూసి పక్కకి తప్పుకుంటారు. కానిస్టేబుళ్ళు రెండడుగుల దూరంలో నిలబడి సెల్యూట్ కొడతారు. ఒంటిమీద ఇంకో మనిషి చెయ్యి పడింది ఎప్పుడు? గుర్తు చేసుకున్నాడు. పోయినేడు మెడికల్ చెకప్‌లో నర్సు బీపీ పట్టీ చుట్టింది. అంతే. ఏడుపొస్తుందేమోనని భయమేసింది ఆయనకి. కోటేసిన బొమ్మలా బిర్రబిగుసుకుని ఎదురుగోడ చూస్తూ నిలబడ్డాడు.

"భుజం, పద్దెనిమిది," అని టైలర్ గట్టిగా చెప్పాడు. చెప్పి ఆగాడు.

ఖాళీ స్టూలు నుంచి 'పద్దెనిమిది' అని తిరిగి పలికేవాళ్ళు లేరు. టైలర్ టేపు వదిలేసి, వంగి, కొత్త రిజిస్టర్లో తనే రాసుకున్నాడు. లేచి మళ్ళీ మొదట్నించి కొలవాల్సొచ్చింది. టేపు ఎక్కడ ఆనించాడో మర్చిపోయాడు.

"వాడుంటే ఈ తిప్పలుండేవి కావు," అని గొణిగాడు. "అయినా మీరు నయం సార్. చాలామంది జేబుల్లో కొంపంతా మోసుకొస్తారు. ఖాళీ చెయ్యమని కాళ్ళావేళ్ళా పడాలి. పద్ధతంటే సర్వేయర్ గారిదే. నిన్న పొద్దున చక్కగా ఖాళీ జేబులతో వచ్చారు. వాచీ కూడా లేదు. అంత చలిలో స్వెట్టర్ కూడా వేసుకోలేదు. సరాసరి పీటెక్కి చేతులు ఎడంగా పెట్టి నిలబడ్డారు. ఏడాదిలో పదకొండు చొక్కాలు కుట్టించుకున్నారు పాపం, ఒక్కటీ ఒంటిమీద చూడలేదు నేను."

ఇన్‌స్పెక్టర్ పీట మీంచి దిగాడు.

"నిన్న పొద్దున ఎన్నింటికి?"

"షట్టరు ఎత్తేసరికి మెట్లమీద ఉన్నారు. తొమ్మిదీ అయిదు. కొత్త రిజిస్టర్లో మొదటి పేరు వారిదే. చూడండి, మా బామ్మర్ది రాతే."

"మళ్ళీ కొలవమని అడిగారా?"

"నిన్న అడగలేదు. మంగళవారం అడిగారు. కాస్త చిక్కానేమో చూడండి మాస్టారూ అన్నారు. పుస్తకంలో ఉన్నాయి కదండీ, గుడ్డ అక్కడ పెట్టి వెళ్ళండి అన్నాను."

"గుడ్డ ఏ రంగు?"

"బూడిదరంగు..."

టైలర్ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ అర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సర్వేయర్ తెచ్చిన గుడ్డ మడత ఇంకా అందులోనే ఉంది. మంగళవారం పుస్తకం కోసం చూసినప్పుడూ అక్కడే ఉందన్నాడు టైలర్. బయటికి లాగాడు. అర వెడల్పు జానెడు. గుడ్డ తిరిగి పెడితే బిగుతుగా పట్టింది. పక్కన వేలు దూర్చడానికి కూడా సందు లేదు.

సాయంత్రం 3.30. షాపు షట్టరు సగం దించి ఉంది.

టైలర్ టేబుల్ దగ్గర నిలబడ్డాడు. రెడీమేడ్ ఓనరు తలుపు పక్కన. బామ్మర్దిని ఎస్సై తీసుకొచ్చాడు. ఆయన బావ వైపు చూడలేదు. ఆఖరున సర్వేయర్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాన పాత కాన్వాస్ సంచీ.

"మాస్టారూ, మంగళవారం ఒంటిగంటన్నరకి అరలో ఏం చూశారు?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"పుస్తకం సార్."

"పుస్తకం చూశారా, బూడిదరంగు చూశారా?"

టైలర్ తల దించుకున్నాడు. "మొహం కడుక్కుని వచ్చాను. కళ్ళజోడు పెట్టుకోలేదు."

"రెండూ నలభైకి తెరిచినప్పుడు అరలో గుడ్డ ఉంది. ఆ అరలో ఒక్కటే పడుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. గుడ్డ ఎప్పట్నించి ఉందో, పుస్తకం అప్పట్నించే లేదు. అంటే పుస్తకం పోయింది మూసిన షాపులోంచి కాదు, తెరిచిన షాపులోంచి. ఒకటీ ఇరవైకీ ఒంటిగంటన్నరకీ మధ్య. తాళంచెవులకీ ఈ దొంగతనానికీ సంబంధమే లేదు."

ఎస్సై చప్పుడు చేయకుండా ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆ టైమ్‌లో మాస్టారు పెరట్లో ఉన్నారు. బామ్మర్ది గారూ, మీరెక్కడున్నారు?"

"షట్టరు కొక్కెం కోసం బయటికెళ్ళాను సార్. రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు చాలు. ఇక నిన్న పొద్దున. పుస్తకం పోయిందని ఈ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పుస్తకంలో పేరున్నవాణ్ణి మళ్ళీ కొలవరని ఊరంతటికీ తెలుసు. అయినా ఒకాయన చలిలో స్వెట్టర్ విప్పి, జేబుల్లోవీ, వాచీ ఇంట్లో పెట్టి, కొలతలకి సిద్ధమై వచ్చారు. ఏమీ అడక్కుండా పీటెక్కారు. తన కొలతలు షాపులో లేవని ఆయనకెలా తెలుసు?"

సర్వేయర్ సంచీని దగ్గరికి లాక్కున్నాడు.

"సంచీ ఇలా ఇవ్వండి సర్వేయర్ గారూ."

సర్వేయర్ సంచీ తనే విప్పాడు. బూడిదరంగు అట్ట బయటపడింది. రెండు చేతులతో టేబుల్ మీద పెట్టాడు.

"ఓరి దేవుడా! మీరా?" అన్నాడు టైలర్. "మీవల్ల మావాడు రాత్రంతా లాకప్‌లో ఉన్నాడండీ!"

సర్వేయర్ అదిరిపడ్డాడు. "లాకప్‌లోనా? ఎందుకు?"

"ఎందుకేంటి! ఊరంతా చెప్పుకుంటుంటే మీకు తెలీదా?"

"నాకు చెప్పేవాళ్ళెవరు మాస్టారూ?" అన్నాడు సర్వేయర్. "నిన్న ఇక్కణ్ణించి వెళ్ళాక, ఇవాళ పోలీసాయన పిలవడానికి వచ్చేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు."

ఆ ముక్క ఎవరినో తప్పుపడుతూ అనలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు.

"దొంగతనం చేద్దామని రాలేదు. మంగళవారం మీరు గుడ్డ అక్కడ పెట్టమని లోపలికెళ్ళారు. అరలో పుస్తకం ఉంది. ఇదుంటే మీరింక ఎప్పటికీ నన్ను కొలవరు కదా అనిపించింది. తీశాను. ఖాళీలో గుడ్డ పెట్టాను. నిన్న తిరిగి పెట్టేద్దామనే సంచీలో తెచ్చాను. మీరు కొలిచాక... పెట్టబుద్ధి కాలేదు."

"అందుకా! అంతమాత్రానికా!" టైలర్‌కి కోపం ఆగలేదు. "నోరు తెరిచి గట్టిగా అడిగితే పోయేది కదండీ! గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చారు!"

"ఏమని అడగను మాస్టారూ?" అన్నాడు సర్వేయర్. "నాకు చొక్కా అక్కర్లేదు, కోటు అక్కర్లేదు, ఒక్కసారి వీపుమీద చెయ్యి వెయ్యండి అని అడగనా? అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి. నవ్వరా?"

ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

టైలర్ కంప్లైంట్ వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడే సంతకం పెట్టాడు. సంతకం రెండు లైన్లు దాటింది. తర్వాత బామ్మర్ది వైపు తిరిగాడు. పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టబోయాడు.

బామ్మర్ది అందుకోలేదు.

"ఇందులో నాలుగు వేల మంది ఉన్నారు బావా. ప్రతి అక్షరం నా రాతే. నేను మాత్రం లేను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి, రారా, నీకో చొక్కా కుడతాను, ఆ పీటెక్కు అన్నావా? నీ దగ్గర మిగిలిన ముక్కలు అతికించుకుని తొడుక్కున్నాను. పోనీ. మొన్న పుస్తకం పోతే, ఏరా నువ్వు తీశావా అని నన్నొక్క మాట అడిగావా? పోలీసుల్ని అడిగావు."

టైలర్ మెడలోంచి టేపు లాగాడు. కళ్ళు కారిపోతున్నాయి. "ఎక్కరా. ఇప్పుడే ఎక్కు. ఎక్కరా నీకు దణ్ణం పెడతాను," అంటూ బామ్మర్ది భుజం మీద చెయ్యి వేశాడు. టేపు జారి కిందపడింది. ఆ చెయ్యి మాత్రం తీయలేదు.

బామ్మర్ది చాలాసేపు బిగుసుకునే ఉన్నాడు. తర్వాత మెల్లగా భుజం దిగింది.

"టేపు సంగతి తర్వాత. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. ముందు అన్నం వండు. నిన్ను తిట్టడానికైనా ఓపిక కావాలి కదా."

టైలర్ ముక్కు చీదుకుంటూ వెనకగదిలోకి పరుగెత్తాడు. గిన్నెల చప్పుడు మొదలైంది. సర్వేయర్ ఖాళీ సంచీ మడుచుకుని, ఎవరి కంటా పడకుండా షట్టరు కిందనుంచి వంగి వెళ్ళిపోబోయాడు.

బామ్మర్ది వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికండీ? మీవల్ల నేను ఒక రాత్రి స్టేషన్లో కూర్చున్నాను. మీరు ఒక పూట మా ఇంట్లో కూర్చోలేరా? రండి. బియ్యం ఏరిపెడుదురుగాని."

సర్వేయర్ తన చేతివైపు చూసుకున్నాడు. విడిపించుకోలేదు. చిన్నపిల్లాడిలా వెంట నడిచాడు.

లోపలి నుంచి టైలర్ కేక వేశాడు. "సార్, మీరు కూడా రండి! చారూ అన్నమే, అయినా వేడివేడిగా ఉంటుంది!"

"డ్యూటీ ఉంది మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మెట్లు దిగి వీధిలోకి వచ్చాడు. జీపు స్టార్ట్ చేసిన ఎస్సై, "ఎక్కడికి సార్?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ఆయనకి డ్యూటీ లేదు. స్టేషన్లో పని లేదు, కోర్టులో వాయిదా లేదు, క్వార్టర్స్‌లో ఎదురుచూసే మనిషి లేడు. వెనక షాపులో ముగ్గురు ముసలివాళ్ళు ఉప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ దెబ్బలాడుకుంటున్నారు. మెట్లు నాలుగే. వెనక్కి వెళ్ళి 'డ్యూటీ లేదు, నాకూ ఒక కంచం పెట్టండి' అంటే చాలు.

ఏమని అడుగుతాడు?

"స్టేషన్‌కి పోనీ," అన్నాడు.